రీనోలో మా అత్తయ్యగారి రెండు రోజుల ఇల్లు

డబ్లిన్: పద్నాలుగు హోటళ్ళ పట్టిక

రీనో అనే ఊరి సంగతి నేను మొదట విన్నది మా అత్తయ్యగారి నోట. అప్పటికి నేను కాలిఫోర్నియాకు వచ్చి అయిదేళ్ళు. ఆవిడ తెనాలి నుంచి వచ్చి అయిదు నెలలు. డబ్లిన్‌లో మా అపార్ట్‌మెంట్ వెనుక ఉన్న పార్కులో, పిల్లల దగ్గరికి చుట్టపుచూపుగా వచ్చిన తెలుగు పెద్దవాళ్ళు సాయంత్రాలు ఒక బెంచీ చుట్టూ చేరతారు. నాలుగు గంటలు కారులో వెళితే కొండలకు అవతల ఒక ఊరుందని, అక్కడ పేకాటకు ప్రభుత్వమే లైసెన్సు ఇస్తుందని, ఆడవాళ్ళు కూడా బల్ల ముందు దర్జాగా కూర్చుని ఆడతారని ఆ బెంచీ మీద ఎవరో చెప్పారట.

“మరి పోలీసులు రారా?” అని అడిగారట ఈవిడ.

“వస్తారమ్మా, డ్యూటీ అయ్యాక ఆడుకోవడానికి,” అన్నారట వాళ్ళు.

మా అత్తయ్యగారు మాణిక్యమ్మగారు తెనాలిలో ఇరవై ఆరేళ్ళు మెస్ నడిపారు. మధ్యాహ్నం భోజనాలు ముగిసి రాత్రి వంట మొదలయ్యే లోపు దొరికే ఒక్క గంటలో వంటమనుషులతో కలిసి రమ్మీ ఆడేవారు. మోకాళ్ళు సహకరించక క్రిందటి ఏడాది మెస్ మూసేశారు. పెద్ద గ్రైండరు అమ్మగా వచ్చిన రూపాయలను మార్చుకుని, మూడు వందల డాలర్లు ఒక చేతిరుమాలులో కట్టి వెంట తెచ్చుకున్నారు. అయిదు నెలలుగా ఆ ముడి విప్పే అవకాశం మేము ఆవిడకు ఇవ్వలేదు. బజారుకు వెళితే మేమే కార్డు తీసేవాళ్ళం. ఒకసారి కొత్తిమీర కట్టకు కూడా ఆవిడను డబ్బు ఇవ్వనివ్వలేదు. అది మర్యాద అనుకున్నాం.

ఆగస్టు నెలలో ఒక ఆదివారం అన్నం దగ్గర ఆవిడ తన నిర్ణయం ప్రకటించారు.

“ఒరే ప్రసాదూ, ఇన్నాళ్ళూ మీ ఇంట్లో తిన్నాను. తిరుగు టిక్కెట్టు దగ్గరకొచ్చింది. రెండు రోజులు మీ ఇద్దరూ నా ఇంట్లో తినాలి.”

“తెనాలి వస్తాంగా అమ్మా, వచ్చే ఏడు,” అన్నారు మా వారు.

“తెనాలి ఎవడిక్కావాలి? ఇక్కడే. నాకిక్కడ ఇల్లు లేదు కాబట్టి ఆ రీనోలో ఒక గది తీసుకుంటాను. అదే నా ఇల్లు. గది నాది, కూడు నాది, మీ చేత పేకాట ఆడించే ఖర్చూ నాది. మూడొందలు దాటకూడదు. మీరు ఒక్క పైసా తీస్తే ఆ క్షణమే బ్యాగు సర్దుకుని కార్లో కూర్చుంటా.”

“పెట్రోలు?”

“చుట్టాలు బండి ఖర్చు వాళ్ళే పెట్టుకుని వస్తారు. అది మీది.” తరువాత నా వైపు తిరిగారు. “అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి. ఏ హోటలో నువ్వే చూడు.”

ఈ చివరి మాట నా మీద ఎంత బరువు పెట్టిందో పాఠకులకు చెప్పాలి. మా పుట్టింట్లో పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని నేను. కాలేజీ దరఖాస్తు మొదలుకొని వీసా పత్రాల వరకు చదివి చెప్పేవారు ఇంట్లో లేనందువల్ల ప్రతి కాగితాన్నీ మొదటి అక్షరం నుంచి చివరి చుక్క వరకు చదవడం నాకు అలవాటయింది. ఆ అలవాటు ప్రకారమే పద్నాలుగు రాత్రులు కూర్చుని, రీనోలోని పద్నాలుగు కాసినో హోటళ్ళను ఒక పట్టికలో దింపాను. శుక్రవారం ధర, శనివారం ధర, మంచాలు ఎన్ని, బఫే ఎంత, గది రద్దు చేసుకోవడానికి గడువెప్పుడు అని అయిదు నిలువు గళ్ళు గీశాను. వారం మధ్యలో ముప్ఫై డాలర్లకు వచ్చే గది శనివారం వచ్చేసరికి తొంభై అవుతుందని, ఆర్థిక మాంద్యం వల్ల ఆ ఏడాది అదీ చవకేనని తెలుసుకున్నాను. చివరికి రెండు రోజులకు కలిపి నూట నలభై ఎనిమిది డాలర్లయ్యే ఒక పెద్ద హోటలు ఎంచి, ఫోటోలు అత్తయ్యగారికి చూపించి బుక్ చేశాను. ఆవిడ ఫోటోలు చూసి, “దీపాలు బాగున్నాయి. వంటిల్లేదీ?” అన్నారు. హోటళ్ళవారు వంటగది ఫోటోలు పెట్టరని చెప్పాను.

ఆబర్న్: పులిహోర లేని ప్రయాణం

శుక్రవారం ఉదయం బయలుదేరేటప్పుడు పులిహోర కలపబోయిన నన్ను అత్తయ్యగారు ఆపారు. “భోజనానికి పిలిస్తే మూట కట్టుకొచ్చే చుట్టాన్ని ఎక్కడైనా చూశావా?” అన్నారు. అమెరికాలో తెలుగువారి కారు డిక్కీలో పులిహోర లేకుండా రాష్ట్రం సరిహద్దు దాటడం బహుశా అదే ప్రథమం.

శాక్రమెంటో దాటే వరకు దారి బల్లపరుపుగా, ఎండిపోయిన పొలాలతో మన పల్నాడును తలపించింది. ఆబర్న్ అనే చిన్న ఊరి దగ్గర నుంచి కొండ మొదలవుతుంది. ఒకప్పుడు బంగారం కోసం జనం విరగబడిన ప్రాంతమట. రోడ్డు పక్కన పళ్ళ దుకాణం పెట్టుకున్న ఒక పెద్దాయన మాకు పీచ్ పళ్ళు కోసి రుచి చూపించాడు. కొనకముందే పండు కోసి ఇవ్వడం అత్తయ్యగారికి ఎంతో నచ్చింది. ఆయన మేమెక్కడికి వెళుతున్నామని అడిగాడు. రీనో అనగానే నవ్వి, తాను నలభై ఏళ్ళుగా రీనో వెళ్ళేవాళ్ళకూ, వచ్చేవాళ్ళకూ పళ్ళు అమ్ముతున్నానని, వెళ్ళేవాళ్ళు బుట్ట కొంటారని, వచ్చేవాళ్ళు ఒక్క పండు కొంటారని అన్నాడు.

నేను తెలుగులో చెప్పగానే అత్తయ్యగారు, “ఆదివారం వస్తూ బుట్ట కొంటానని చెప్పు,” అన్నారు. చెప్పాను. ఆయన టోపీ తీసి వందనం చేశాడు.

ఏడు వేల అడుగుల ఎత్తున కొండ మీది కనుమ దాటేటప్పుడు చెవులు మూసుకుపోయాయి. దిగువన నీలంగా ఒక చెరువు కనిపించింది. కొండకు అవతల చెట్లు హఠాత్తుగా ఆగిపోయి, అంతా బూడిదరంగు నేల. ఆ నేల మధ్యలో ఒక్కసారిగా అంతస్తుల మేడలు. తమది ప్రపంచంలోకెల్లా పెద్ద చిన్న నగరమని ఊరి నడివీధిలో తోరణం కట్టి మరీ రాసుకున్నారు రీనో వారు.

రీనో, శుక్రవారం మధ్యాహ్నం: ఎనిమిది డాలర్లు

మేము చేరేసరికి మూడయింది. నేను ఎంచిన హోటలు లోపలికి వెళ్ళాలంటే ఆట యంత్రాల మధ్య నుంచి చాలా దూరం నడవాలి. కిటికీ లేదు, గోడ గడియారం లేదు. బహిరంగంగా సిగరెట్లు కాలుస్తున్నారు. కాలిఫోర్నియాలో అయిదేళ్ళుగా ఆ వాసన మరచిపోయిన నాకు దగ్గు వచ్చింది.

కౌంటరులో ఉన్న అమ్మాయికి అత్తయ్యగారు తమ పాస్‌పోర్టు ఇచ్చి, రుమాలు ముడి విప్పారు. గది ఆవిడ పేర తీసుకున్నాం. ఆ అమ్మాయి చిరునవ్వుతో లెక్క చెప్పింది. గది అద్దె నూట నలభై ఎనిమిది. పన్ను. తరువాత రిసార్ట్ ఫీజు అని రోజుకు పన్నెండు డాలర్లు. ఈత కొలనుకూ, వ్యాయామశాలకూ అట. వాడినా వాడకపోయినా ఇవ్వాలి. నగదుతో దిగేవారు రోజుకు యాభై డాలర్ల చొప్పున డిపాజిట్ కట్టాలి. అది వెళ్ళేటప్పుడు తిరిగి ఇస్తారు. మొత్తం రెండు వందల తొంభై రెండు.

నా పట్టికలో ఫీజుకు గడి లేదు. డిపాజిట్‌కూ లేదు. హోటలువారి పేజీలో అట్టడుగున, అతి చిన్న అక్షరాల్లో ఆ రెండూ ఉన్నాయి. చివరి చుక్క వరకు చదువుతానని గర్వపడే నేను ఆ చుక్క దగ్గరికి చేరలేదు.

“ఎంత మిగులుద్ది?” అన్నారు అత్తయ్యగారు.

“ఎనిమిది డాలర్లు అత్తయ్యా. మిగతా వంద ఆదివారం తిరిగి ఇస్తారు.”

“ఆదివారం దాకా ఎనిమిది డాలర్లతో ముగ్గురం ఏం తింటాం? ఎండు రొట్టా?”

మా వారు జేబులోంచి కార్డు తీశారు. “అమ్మా, డిపాజిట్‌కి నా కార్డు పెడతా. జస్ట్ హోల్డ్ చేస్తారంతే, డబ్బు కట్ అవదు.”

“లోపల పెట్టరా దాన్ని. నీ కార్డు పెడితే ఇది నీ ఇల్లవుద్ది. నేను మళ్ళీ మీ ఇంట్లో చుట్టాన్నవుతాను. అయిదు నెలల నుంచీ అదే కదా.”

“ఎవరికి తెలుస్తుందమ్మా?”

“అన్నం పెట్టేదానికి తెలుస్తుంది.”

ఆవిడ గొంతు పెంచలేదు. రుమాలు మళ్ళీ ముడి వేసి, పాస్‌పోర్టు అడిగి తీసుకుని, గుమ్మం వైపు నడిచారు. కారెక్కి కూర్చుంటే మా ప్రయాణం అక్కడితో ముగిసినట్టే. ఆవిడ మాట తప్పరని ముప్ఫై నాలుగేళ్ళుగా తెలిసిన మా వారు నా వైపు చూశారు. అప్పుడు నాకు నా పట్టికలోని అయిదవ గడి గుర్తుకు వచ్చింది. వచ్చిన రోజు సాయంత్రం ఆరు గంటల లోపు రద్దు చేసుకుంటే ఏమీ కట్టనక్కరలేదని ఉన్న హోటళ్ళకు నేను ఎర్ర గీత గీశాను. దీనికీ ఉంది. కౌంటరు అమ్మాయి చూసి అవునంది. బుకింగు రద్దు చేయించి, కాగితం పుచ్చుకుని, పరుగున బయటకు వెళ్ళాను.

“అత్తయ్యా, ఇంకో ఇల్లు చూద్దాం. నన్ను క్షమించండి. పట్టికలో రెండో పేరు...”

“ఆ కాగితం సంచిలో పెట్టమ్మాయ్. అది ధరలు చెప్తుంది, ఇల్లెట్టా ఉంటదో చెప్పదు. పద, నే చూపిస్తా.”

వెనుక వీధి: లూర్దెస్

తెనాలిలో మెస్ పెట్టేముందు ఆవిడ నెలరోజులు ఊళ్ళోని పూటకూళ్ళ ఇళ్ళన్నీ తిరిగి చూశారట. అప్పుడు నేర్చిన సూత్రం ఒకటి ఉందని నడుస్తూ చెప్పారు. హాలు చూడకూడదు, బోర్డు చూడకూడదు. వేరే హోటళ్ళలో వండేవాళ్ళూ, వడ్డించేవాళ్ళూ పని దిగాక ఎక్కడ కూర్చుని తింటారో కనిపెట్టాలి. వాళ్ళను మోసం చేయడం ఎవరివల్లా కాదు.

ఆ సూత్రం ప్రకారం మమ్మల్ని నడివీధి తోరణాల వైపు కాక, హోటళ్ళ వెనుక వైపుకు తీసుకువెళ్ళారు. అక్కడ సరుకు లారీలు, చెత్త డబ్బాలు, పనివాళ్ళ గుమ్మాలు. మూడున్నరకు పగటి వంతు దిగినవాళ్ళు యూనిఫారాలతోనే బయటకు వస్తున్నారు. ఒక బెంచీ మీద అరవయ్యేళ్ళ ఆవిడ బూట్లు విప్పి కాళ్ళు ఒత్తుకుంటున్నారు. ఛాతీ మీద లూర్దెస్ అనే పేరు బిళ్ళ, ఫిలిప్పీన్స్ దేశస్థురాలు. అత్తయ్యగారు నేరుగా వెళ్ళి పక్కన కూర్చుని, తన మోకాళ్ళు చూపించి ముఖం చిట్లించారు. ఆవిడ తన పాదాలు చూపించి ముఖం చిట్లించారు. పరిచయం అయిపోయింది.

“పని దిగాక ఎక్కడ తింటారో అడుగు.”

అడిగాను. లూర్దెస్‌గారు నన్ను పైనుంచి కిందకు చూసి, “మీకు ఉద్యోగం కావాలా? గదులు శుభ్రం చేసేవాళ్ళు కావాలంటున్నారు,” అన్నారు ఇంగ్లీషులో. మా వారు నవ్వు ఆపుకోలేకపోయారు. నేను వినయంగా సంగతి వివరించాను. మా అత్తయ్యగారు ఇల్లు వెతుకుతున్నారని, రెండు రోజులకేనని, మేము ఆవిడ అతిథులమని. లూర్దెస్‌గారు అంతా విని, బూట్లు తొడుక్కుని లేచారు.

“రండి. నేనూ అక్కడికే వెళుతున్నాను.”

రైలు పట్టాల పక్కన ఒక పాత కాసినో హోటలు. నా పద్నాలుగింటిలో అది లేదు. దీపాలలో సగం వెలగడం లేదు. అయితే దాని కాఫీ షాపులో ఊళ్ళోని హోటళ్ళ యూనిఫారాలన్నీ కనిపించాయి: వంటవాళ్ళు, పేక పంచేవాళ్ళు, లాండ్రీవాళ్ళు. అత్తయ్యగారు బల్ల మీది ఖాళీ గ్లాసు తలకిందులు చేసి, అడుగు వేలితో రాసి చూశారు. వేలు నాకు చూపించారు. శుభ్రంగా ఉంది. పక్క బల్ల మీదికి వెళుతున్న పళ్ళెంలోకి తొంగి చూశారు.

“ఇదే,” అన్నారు.

గది రోజుకు నలభై నాలుగు. ఫీజు లేదు. డిపాజిట్ రెండు రోజులకూ కలిపి నలభై, నగదు చాలు. మిగిలి ఉన్నది ఒకే గది. పక్కనే మంచుగడ్డల యంత్రం మోగుతూ ఉంటుందని కౌంటరులోని నడివయసు ఆవిడ ముందే హెచ్చరించారు. అత్తయ్యగారు గది చూసి వచ్చి, “ఆ చప్పుడుకి ఏమైనా తగ్గిస్తుందేమో అడుగు,” అన్నారు.

“అత్తయ్యా, ఇక్కడ బేరం ఆడరు.”

“మనం ఆడదాం.”

చెవులు ఎర్రబడగా అడిగాను. కౌంటరు ఆవిడ పకపకా నవ్వి, అద్దె తన చేతిలో లేదన్నారు. అని, సొరుగు లాగి కూపన్ల పుస్తకం ఒకటి తీసి ఇచ్చారు. ఒక టిఫిను కొంటే ఒకటి ఉచితం, అలాంటివి ఆరు కాగితాలు. అమెరికాలో అడిగితే ఇస్తారన్న సంగతి అయిదేళ్ళలో నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

అత్తయ్యగారు రుమాలు విప్పి నోట్లు లెక్కపెట్టి ఇచ్చి, తాళం కార్డు కళ్ళకద్దుకున్నారు. మమ్మల్ని కాసేపు వరండాలోనే నిలబెట్టి, తాను లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. రెండు నిమిషాల తరువాత తలుపు తీసి, “రండి రండి, ఎండన పడి వచ్చారు. కాళ్ళు కడుక్కోండి,” అన్నారు. మంచం మీది దుప్పటి సరి చేసి ఉంది, మూడు గ్లాసుల్లో మంచినీళ్ళు పోసి పెట్టి ఉన్నాయి. మంచుగడ్డల యంత్రం పక్కన ఉన్నందుకు నీళ్ళు చల్లగా ఉన్నాయి.

నేను ఆవిడ ఇంటికి కోడలిగా వచ్చి ఆరేళ్ళు. అతిథిగా వెళ్ళడం అదే మొదలు.

శనివారం: ఇరవై డాలర్ల తాంబూలం

శనివారాలు అత్తయ్యగారు మాంసం ముట్టరు, ఉదయం పూజ కానిదే కాఫీ తాగరు. హోటలు కుర్చీ మీద చిన్న వేంకటేశ్వరుడి పటం పెట్టి దండం పెట్టుకున్నాక, మా ఇద్దరినీ పిలిచి చెరొక అరటిపండు, దాని మీద ఇరవై డాలర్ల నోటు పెట్టి ఇచ్చారు.

“చుట్టాలకు తాంబూలం. ఇది అయిపోతే లేచి రావాలి. ఇంకొకటి ఉండదు.”

మా వారు తన తాంబూలాన్ని ఇరవయ్యొకటి అనే ఆటలో తొమ్మిది నిమిషాల్లో పూర్తి చేసుకుని వచ్చారు.

“ఒరే, పప్పు రాకముందే పెరుగు కలుపుకున్నట్టు ఆడావు కదరా,” అన్నారు తల్లి.

నేను ఒక్కో సెంటు పందెంతో ఆడే యంత్రం ముందు కూర్చుని, దాని నియమాల తెర ఆసాంతం చదివాను. ముందు రోజు నేర్చుకున్న పాఠం అది. నా వెనుక నిలబడిన పెద్దాయన, “అమ్మా, మీరు ఆడతారా, చదువుతారా?” అని అడిగాడు. తొందరపడకుండా ఆడి, గంటకు పద్నాలుగు డాలర్లు పోగొట్టుకుని, మిగిలిన ఆరింటితో గౌరవంగా విరమించాను.

అత్తయ్యగారు మాత్రం ముందు తిరిగి తిరిగి చూశారు. ఒక బల్ల దగ్గర ఆగిపోయారు. అది మూడు ముక్కల ఆట. పేక పంచే ఆవిడకీ మనకీ మూడేసి ముక్కలు. జత, రంగు, వరస, మూడూ ఒకటే అయితే ఇంకా పెద్ద. కనీసపు పందెం మూడు డాలర్లు.

“ఇది మనదే కదే! దీపావళికి మా మెస్సులో ఆడేదే!”

కూర్చున్నారు. తన వంతు ఇరవై డాలర్ల నోటును పేక పంచే ఆవిడ చేతికి ఇవ్వబోతే, ఆవిడ వెనక్కి తగ్గి బల్ల మీద పెట్టమని సైగ చేసింది. చేతి నుంచి చేతికి డబ్బు పుచ్చుకోకూడదట. వంతు మారే ప్రతిసారీ ఆవిడ రెండు అరచేతులూ తెరిచి, తిప్పి చూపించింది, చేతిలో ఏమీ దాచలేదని. “గల్లా దగ్గర వాళ్ళను ఇట్టా నిలబెట్టాల్సింది నేను,” అన్నారు అత్తయ్యగారు, ఎవరినో గుర్తు చేసుకుని.

అసలు చిక్కు మొదటి చేతికే వచ్చింది. ముక్కలు రాగానే ఆవిడ మూడింటినీ రెండు చేతులా తీసుకుని, కళ్ళకద్దుకున్నారు. బోణీ డబ్బయినా, కొత్త బట్టయినా, చివరికి నిన్నటి తాళం కార్డయినా మనం చేసే పనే అది. పంచే ఆవిడ చేయి గాలిలో ఆగిపోయింది. పక్కవాళ్ళు కదలడం మానేశారు. నల్ల కోటు వేసుకున్న పర్యవేక్షకుడు నాలుగంగల్లో వచ్చాడు. ముక్కలు ఒక్క చేత్తోనే పట్టుకోవాలి, బల్ల మీద నుంచి పైకి ఎత్తకూడదు, ముఖానికి అసలు ఆనించకూడదు. మార్చేస్తారని, గుర్తులు పెడతారని భయం.

నేను వివరించాను. “అయ్యా, ఇది మోసం కాదు. మా దేశంలో చేతికి వచ్చినదాన్ని ఇలా గౌరవిస్తాం.”

ఆయన ఆలోచించి, “మరి ఓడిపోయే ముక్కలను కూడా గౌరవిస్తారా?” అన్నాడు.

అత్తయ్యగారిని అడిగి ఆవిడ జవాబు చెప్పాను: “ముందే ఎట్టా తెలుస్తుంది బాబూ?”

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. ఆయన కూడా నవ్వి, ఆ చేతి వరకు ముక్కలు రద్దు చేసి కొత్తగా పంచమన్నాడు. ఆ తరువాత అత్తయ్యగారు కుడి చేతి వేళ్ళతో ముక్కల అంచు తాకి, ఆ వేళ్ళను మాత్రం కళ్ళకద్దుకుంటూ ఆడారు. అందుకు నిబంధనల్లో అడ్డు లేదు.

ఆవిడ ఆట చూసి నేను చాలా నేర్చుకున్నాను. చేతిలోని పెద్ద ముక్క రాణి కంటే తక్కువైతే తటపటాయించకుండా పడేసేవారు. వరసగా నాలుగు చేతులు పడేశారు. ఇరవై కాస్తా ఎనిమిదయింది. మా వారు గోళ్ళు కొరుక్కున్నారు. తరువాత జత వచ్చింది, ఇంకో జత వచ్చింది. గంట గడిచాక వరస వచ్చింది. ఆ తరువాత మూడు తొమ్మిదులు వచ్చాయి. పక్కనున్న లారీ డ్రైవరు బల్ల చరిచి, “అమ్మా!” అని అరిచాడు, ఆ మాట మా దగ్గర విని నేర్చుకున్నదే. నూట పది డాలర్ల బిళ్ళలు ముందు పెట్టుకుని ఆవిడ లేచారు.

“ఇప్పుడే కదా చేయి తిరిగింది, కూర్చోమనండి,” అన్నాడు లారీ డ్రైవరు.

“కడుపు నిండాక విస్తరి ముందు కూర్చోకూడదని చెప్పు,” అన్నారు ఆవిడ నాతో. చెప్పాను. పేక పంచే ఆవిడకు అయిదు డాలర్ల బిళ్ళ ఒకటి ఇచ్చి, అది కూడా చేతికి కాక బల్ల మీద పెట్టి, వచ్చేశారు.

ఆదివారం: విందు

ఆ బిళ్ళలను నోట్లుగా మార్చుకున్నాక అత్తయ్యగారు నాతో ఒక సంగతి చెప్పారు. మా పెళ్ళినాటికి మెస్సుకు అద్దె ఇంటి గొడవ నడుస్తోంది. పొయ్యి వెలిగించే చోటు లేక, పెళ్ళి భోజనాలు ఎవరో కాంట్రాక్టరు చేత పెట్టించారు. రోజుకు రెండు వందల మందికి వడ్డించిన మనిషి కొడుకు పెళ్ళిలో ఎవరికీ గరిటె పట్టి వడ్డించలేదు. “అందరూ బాగుందనే అన్నారు. నేను వండితే కదా,” అన్నారు. ఈ రెండు రోజులూ ఆవిడకు ఎందుకు కావలసి వచ్చాయో నాకు అప్పుడు తెలిసింది.

ఆదివారం ఉదయం ఆ ఊళ్ళో ప్రతి కాసినోలోనూ పెద్ద బఫే ఉంటుంది. మా హోటల్లో తలకు పదిహేడు. మామూలుగా అయితే రుమాలులో మిగిలినది దానికి చాలదు. ఇప్పుడు చాలింది. “నలుగురికి చెప్పు,” అన్నారు. నాలుగో మనిషి లూర్దెస్‌గారు. ముందు రోజే కాఫీ షాపులో వెతికి పట్టుకుని పిలిచాం. సెలవు రోజు కనుక యూనిఫారం లేకుండా, పూల గౌను వేసుకుని, ముత్యాల దండతో వచ్చారు. రీనోలో పందొమ్మిదేళ్ళుగా ఉంటున్నా తనను బఫేకు పిలిచినవారు ఎవరూ లేరని, తాను శుభ్రం చేసే గదుల్లో మిగిలిన కూపన్లతో ఒక్కదాన్నే వచ్చేదాన్నని చెప్పారు.

బఫే అంటే ఎవరి పళ్ళెం వారు పట్టుకుని వడ్డించుకోవడం. ఈ పద్ధతిని అత్తయ్యగారు ఒప్పుకోలేదు. “చుట్టాలు లేచి వెళ్ళి తెచ్చుకోవడమేంటి? కూర్చోండి ముగ్గురూ,” అని మమ్మల్ని కూర్చోబెట్టి, వరసలన్నీ తిరిగి, మాకోసం పళ్ళెం తరువాత పళ్ళెం తెచ్చారు. రొయ్యలు, కోసిన మాంసం, గుడ్లు, అప్పుడే తీసిన రొట్టెలు. మా పళ్ళెంలో ఖాళీ కనిపిస్తే చాలు, వెనుక నుంచి చేయి వచ్చి నింపేది. వద్దని లూర్దెస్‌గారు అరచేయి అడ్డం పెడితే, ఆ చేతిని పక్కకు తీసి మరీ వడ్డించారు. మన దేశంలో విస్తరి మీద చేతులు అడ్డం పెట్టడం, వడ్డించేవారు దాన్ని లెక్కచేయకపోవడం ఒక ఆచారమని నేను వివరించవలసి వచ్చింది. తమ దేశంలోనూ అంతేనన్నారు లూర్దెస్‌గారు, నోటినిండా రొయ్యలతో.

పట్టుచీర కొంగు బొడ్లో దోపి, రెండు పళ్ళేలు మోసుకు తిరిగే ఆవిడను చూసి, పక్క బల్ల మీది వృద్ధుడొకాయన హోటలు మనిషి అనుకుని కాఫీ కప్పు చాచాడు. నేను అదిరిపడి లేచాను. అత్తయ్యగారు ఒక్క క్షణం కప్పు వైపు చూసి, కాఫీ జగ్గు తెచ్చి, ఆయనకూ, ఆయన భార్యకూ నిండా పోసి, “షుగర్?” అని అడిగారు. మా వారు తల పట్టుకున్నారు.

“తప్పేవుందిరా? వచ్చినవాళ్ళకి పోశాను. నువ్వు తిను. నీ పెళ్ళినాడు తిన్నావో లేదో నేను చూడలేదు.”

మా వారు పళ్ళెంలో ఉన్నదంతా తిన్నారు. మళ్ళీ వడ్డిస్తే అది కూడా తిన్నారు. అందరి పళ్ళేలూ ఖాళీ అయ్యాకే అత్తయ్యగారు కూర్చున్నారు. అప్పుడు లూర్దెస్‌గారు లేచి వెళ్ళి, ఆవిడ కోసం ఒక పళ్ళెం నింపి తెచ్చి ముందు పెట్టారు. ఆవిడ దాన్ని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్నారు. ఏ పర్యవేక్షకుడూ రాలేదు.

గది ఖాళీ చేసేటప్పుడు కౌంటరులో శుక్రవారం నాటి ఆవిడే ఉన్నారు. తాళం కార్డు పుచ్చుకుని, నలభై డాలర్ల డిపాజిట్ తిరిగి ఇచ్చి, అందరితో అనే మాటే అన్నారు: మీరు మా అతిథిగా ఉన్నందుకు సంతోషం.

నేను తెలుగులో చెప్పబోయాను. గెస్ట్ అనే మాట అత్తయ్యగారికి అప్పటికే అర్థమైంది. వేలు ఊపారు.

“నో. నో గెస్ట్. ఐ ఓనర్,” అని మా ఇద్దరినీ చూపించారు. “దే గెస్ట్.”

కౌంటరు ఆవిడ ఒకసారి ఆవిడను, ఒకసారి మమ్మల్ని చూశారు. తరువాత ముంజేతులు బల్ల మీద ఆనించి, మా వైపు ముందుకు వంగారు.

“అయితే నేను అడగవలసింది మిమ్మల్ని. ఎలా చూసుకున్నారు?”

“చాలా బాగా చూసుకున్నారు,” అన్నాను. ముందు ఇంగ్లీషులో ఆమెకు చెప్పాను, తరువాత తెలుగులో అత్తయ్యగారికి.